ఫుడ్ చేతికొచ్చేదాకా పిల్లికూనలకు ఏం పెట్టాలి?

గుణుపురంలో మీ పెరట్లో కట్టెల మోపు వెనక రెండు పిల్లికూనలు దొరికాయని, ఊళ్లో పిల్లుల ఫుడ్ దొరకడం లేదని, ఆర్డర్ పెడితే నాలుగైదు రోజులు పడుతుందని, అందాకా ఆవుపాలు పట్టవచ్చా అని అడిగారు. ఉత్త ఆవుపాలు పట్టకండి. మాది పర్లాకిమిడి. మా వీధిలో ఎవరికి కూన దొరికినా మా ఇంటికే తెస్తారు. చేసి చూసినవే చెబుతున్నాను.

ముందు తల్లి నిజంగా లేదా అన్నది చూడండి. తిండి వెతుక్కుంటూ వెళ్లి గంటల తరబడి రాకపోవచ్చు. కూనలు శుభ్రంగా, పొట్ట నిండుగా, అరవకుండా పడుకుని ఉంటే ముట్టుకోకుండా దూరం నుంచి గమనించండి. చుట్టూ పల్చగా బియ్యప్పిండి చల్లి ఉంచితే తల్లి వచ్చి వెళ్లిందో లేదో అడుగుల్ని బట్టి తెలిసిపోతుంది. ముగ్గురాయి పొడి మాత్రం వద్దు, పాదాలు నాక్కుంటే కడుపులోకి పోతుంది. వానకు తడుస్తున్నా, చీమలు పట్టినా, ఒళ్లు చల్లబడినా చూస్తూ కూర్చోవద్దు. వెంటనే లోపలికి తెచ్చేయండి.

తెచ్చాక కూడా పాల సంగతి తర్వాత, ముందు వెచ్చదనం. ఒళ్లు చల్లగా ఉన్న కూనకు పాలు పడితే అరగవు, అదే దాని ప్రాణం మీదికి తెస్తుంది. అట్టపెట్టెలో పాత లుంగీ పరిచి, వేడినీళ్లు పోసిన బాటిల్‌ను తువ్వాలులో చుట్టి ఒక పక్కన పెట్టండి. రెండో పక్క ఖాళీగా ఉంచితే వేడి ఎక్కువైనప్పుడు అటు జరుగుతాయి. నీళ్లు చల్లారగానే మార్చాలి. పాదాలు, చెవులు మన చేతికి వెచ్చగా తగిలాకే తిండి.

ఏం పెట్టాలన్నది వయసును బట్టి ఉంటుంది. కళ్లు ఇంకా తెరవకపోతే పుట్టి పది రోజులు కూడా అయి ఉండకపోవచ్చు. ముందు పళ్లు మూడో వారంలో మొదలవుతాయి. నాలుగు వారాలు దాటి, 400 గ్రాముల పైన ఉండి, చక్కగా నడుస్తున్న కూన మెత్తని తిండి తినగలదు. బరువు చూడటానికి కిరాణా షాపులోని కాటా చాలు.

తినే వయసువైతే మీకు టెన్షన్ అక్కర్లేదు. చికెన్ సెంటర్లో ఎముక లేని తొడ మాంసం కొంచెం తెచ్చి, ఉత్త నీళ్లలో మెత్తగా ఉడికించి, వేళ్లతో పోగులు పోగులుగా చీల్చి, ఆ ఉడికిన నీళ్లే కలిపి జారుగా పెట్టండి. ఉప్పు, పసుపు, కారం ఏమీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకు విషం, రక్తాన్ని పాడుచేస్తాయి. అందుకే కూరలోంచి తీసి కడిగిన ముక్క కూడా పనికిరాదు. ఉడికిన గుడ్డు, ముల్లు తీసిన ఉడికిన చేప పెట్టవచ్చు. మన వైపు పిల్లి అనగానే ఎండుచేప వేస్తారు, కానీ అందులోని ఉప్పు కూనలకు మంచిది కాదు. చద్దన్నం, పాలన్నం పెడితే కడుపు నిండినట్టు కనిపిస్తుందే గానీ బలం రాదు. ఈ చికెన్ కూడా నాలుగైదు రోజులకే. పిల్లులకు కావలసిన టారిన్ అనే పోషకం, కాల్షియం ఒక్క మాంసంతో సరిగా అందవు. అవి తక్కువైతే కళ్లు, గుండె, ఎముకలు దెబ్బతింటాయి. ఫుడ్ రాగానే మార్చండి, కవరు మీద కూనలకని రాసి ఉన్నదే కొనండి.

పాలు తాగే వయసువైతే కూనల పాలపొడి కావాల్సిందే. శ్రీకాకుళం, బరంపురం, విశాఖ నుంచి రైల్లోనో బస్సులోనో వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ రోజే చెప్పి తెప్పించండి. అది అందేలోపు 250 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన చిక్కటి పాలకు రెండు తాజా గుడ్ల పచ్చసొన, ఒక చెంచా వంటనూనె కలిపి బాగా గిలకొట్టి వడకట్టండి. మేకపాలు దొరికితే వాటితోనే చేయండి, మా పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) దగ్గర నేను తెచ్చుకునేవి అవే. తెల్లసొన వద్దు, పంచదార వద్దు. ఫ్రిజ్‌లో పెట్టి ఒక్క రోజులో అయిపోజేయాలి. పట్టే ముందు మణికట్టు మీద చుక్క వేసి గోరువెచ్చగా ఉందో లేదో చూడండి. ఇదీ రెండు మూడు రోజులకు గండం గట్టెక్కడానికే.

పట్టే పద్ధతిలోనే చాలా కూనలు పోతాయి. మన పసిపిల్లల్లా వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా, తల్లి దగ్గర తాగేటప్పుడు ఉన్నట్టే ఉంచండి. మందుల షాపులో సూది లేని చిన్న సిరంజి దొరుకుతుంది. నోటి పక్కనుంచి ఒక్కో చుక్కే వదలండి, నొక్కేయకండి. సరిగా మింగుతున్న కూన చెవులు టకటకా కదులుతాయి. ముక్కులోంచి పాలు వస్తే వెంటనే ఆపి తల కిందికి వంచండి. ఒక్క విడతకు 100 గ్రాముల బరువుకు 4 మిల్లీలీటర్లు మించొద్దు, అంటే 200 గ్రాముల కూనకు 8. మొదటి వారం రెండు గంటలకోసారి, రెండో వారం మూడు గంటలకోసారి, తర్వాత నాలుగు గంటలకోసారి. రాత్రి కూడా లేవాలి, తప్పదు. ప్రతిసారీ పాలు పట్టాక తడిపిన గోరువెచ్చని దూదితో తోక కింద మెల్లగా రుద్దండి. మూడు వారాల లోపువి తమంతట తాము మూత్రం పోసుకోలేవు, తల్లి నాకితేనే పోస్తాయి.

విరేచనాలు పట్టినా, పాలు ముట్టకుండా వాలిపోయినా ఇంటి వైద్యం చేయకుండా పశువైద్యశాలకు తీసుకెళ్లండి. పారాసెటమాల్ పిల్లులను చంపుతుంది. కుక్కల గోమారి మందు కూడా ప్రాణం తీయవచ్చు, కూనల ఒంటి మీద పురుగులుంటే సన్న దువ్వెనతో దువ్వి తీయండి. మిమ్మల్ని కరిచినా రక్కినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబిస్ టీకా గురించి అడగండి.

కళ్లు తెరిచాయో లేదో, కాటాలో ఎంత తూగాయో ఇక్కడే రాయండి. ఎంత పట్టాలో, ఎన్నిసార్లు పట్టాలో లెక్క వేసి చెబుతాను.