రెండు నెలల సెలవు, 304 పరుగులు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎం.పి.సి. వయసు పదిహేడు. జిల్లా అండర్-19 జట్టులో ఓపెనర్. రాబర్ట్ పూర్ అనే ఇంగ్లండ్ కౌంటీ ఆటగాడు సైన్యంలో అధికారి కూడానని చదివాడు. అప్పటినుంచి ‘నేనూ రెండూ చేస్తాను’ అంటున్నాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దని వాళ్ల నాన్న కోప్పడుతున్నారు. ఎవరి మాట సరైనది?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: అమ్మా, మీ అబ్బాయి మంచి మనిషినే పట్టుకున్నాడు. కానీ సగం కథే చదివినట్టున్నాడు.

పూర్ అశ్వికదళ అధికారి. బొంబాయి గవర్నర్ లార్డ్ హారిస్ దగ్గర ఏ.డి.సి.గా, అంటే వెంట ఉండే సైనిక సహాయకుడిగా, పనిచేశారు. ఆ హారిస్ ఇంగ్లండ్ జట్టు మాజీ కెప్టెన్. అలాంటి దొర కొలువులో ఆటకు కొదవేముంటుంది? 1899లో, ముప్ఫై మూడేళ్ల వయసులో, పూర్ హాంప్‌షైర్ తరఫున దిగి జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా ఏడు సెంచరీలు కొట్టారు. టాంటన్‌లో సోమర్‌సెట్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లో 304. ఆరో వికెట్‌కు 411 పరుగుల భాగస్వామ్యం. అవతలి ఎండ్‌లో 225 చేసిన వినియార్డ్ కూడా సైన్యంలో కెప్టెనే! ఆ సీజన్‌లో పూర్ సగటు 91.23. ఇంగ్లండ్ సీజన్లలో దాన్ని దాటడానికి 1930లో బ్రాడ్‌మన్ రావలసివచ్చింది.

మిగతా సగం ఇది. ఆగస్టులో ఆట ముగిసింది, అక్టోబరులో బోయర్ యుద్ధం మొదలైంది. పూర్ దక్షిణాఫ్రికాకు వెళ్లారు. అంత ఫామ్‌లో ఉన్న బ్యాటర్‌కు మరుసటి ఏడాది ఏమి జరిగిందని అడగడంలో అర్థం లేదు, యుద్ధం జరిగింది. ఆయనకు జీతం ఇచ్చింది సైన్యం, క్రికెట్‌కు మిగిలింది సెలవు. మన సైన్యంలోనూ అధికారికి ఏడాదికి అరవై రోజుల వార్షిక సెలవు ఉంటుంది. కానీ అరవై రోజుల్లో రంజీ సీజన్ పట్టదు.

హెడ్లీ వెరిటీది తలకిందుల వరస. యార్క్‌షైర్ స్పిన్నర్, ఆటే జీవనం. 1934లో మద్రాసు చేపాక్ టెస్టులో సి.కె. నాయుడు నాయకత్వంలోని మన జట్టు మీద పదకొండు వికెట్లు తీశారు. 1939 సెప్టెంబరు 1న చివరి మ్యాచ్‌లో తొమ్మిది పరుగులకు ఏడు వికెట్లు. ఆ తర్వాత సైన్యంలో చేరి కెప్టెన్ అయ్యారు. 1943లో సిసిలీలో గాయపడి, ఇటలీలో బందీగా మరణించారు.

మన దేశంలో చూపించదగిన మనిషి హేమూ అధికారి. లెఫ్టినెంట్ కల్నల్, 21 టెస్టులు ఆడారు. ఆయన కాలంలోనే మన సైనిక దళాల సర్వీసెస్ జట్టు వరసగా రెండేళ్లు రంజీ ఫైనల్ చేరింది. ఆ జట్టు ఇప్పటికీ ఉంది, యూనిఫాంలో ఉన్నవారికి రంజీ దారి అదే. ధోనీ పేరు చెబితే మాత్రం ఒప్పుకోకండి. టెరిటోరియల్ ఆర్మీలో ఆయనది గౌరవ హోదా, ముందు బ్యాటు, తర్వాత భుజం మీద నక్షత్రాలు.

ఇక మీ ఇంటి విషయం. మీవారి మాట పూర్తిగా తప్పు కాదు. ఎన్‌.డి.ఏ.కు, అంటే మూడు దళాల అధికారులను తయారుచేసే అకాడమీకి, పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ల మధ్య వయసు ఉండాలి. ఖడక్‌వాస్లాలోని ఆ అకాడమీలో మూడేళ్లు, డెహ్రాడూన్‌ సైనిక అకాడమీలో ఒక ఏడాది. అక్కడ ఆటలకు లోటు లేదు, కానీ బ్యాటర్ రాటుదేలే ఆ నాలుగేళ్లూ అండర్-23 సెలెక్టర్ల కంటికి మీవాడు కనబడడు. సైన్యమే ముఖ్యమనుకుంటే ఆ ప్రవేశ పరీక్ష ఇప్పుడే రాయాలి. క్రికెట్ ముందనుకుంటే డిగ్రీ చేస్తూ ఆడి, ఇరవై రెండేళ్లకు రాష్ట్ర జట్టు తలుపు తెరుచుకోకపోతే డిగ్రీ ఉన్నవారిని అధికారులుగా తీసుకునే సి.డి.ఎస్. పరీక్ష రాయవచ్చు. దానితో డెహ్రాడూన్‌కు ఇరవై నాలుగేళ్ల దాకా, చెన్నై అకాడమీకి ఇరవై అయిదు దాకా అవకాశం ఉంది. అబ్బాయి మాటల్లో బ్యాటు వాసనే ఎక్కువ తగులుతోంది కాబట్టి నేను రెండోదానివైపే మొగ్గుతాను. ఒక్క జాగ్రత్త: మోకాలికి ఎప్పుడైనా గాయమైతే, దాన్ని లెక్కచేయకుండా ఆడనివ్వకండి. శస్త్రచికిత్స దాకా పోతే సైన్యం వైద్య పరీక్షలో చిక్కు రావచ్చు.

అలాగని ఎన్‌.డి.ఏ. పరీక్ష వదిలేయమనడం లేదు. ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, ఎం.పి.సి. కాబట్టి నేవీ, ఎయిర్‌ఫోర్స్ కూడా అందుబాటులోనే ఉంటాయి. లెక్కల పేపర్ 300 మార్కులకు, రెండున్నర గంటలు, తప్పు జవాబుకు కోత. ఈ ఆదివారం మ్యాచ్ ముగిసి ఇంటికి వచ్చాక, స్నానం చేయించి, గడియారం ముందు పెట్టి, పాత పేపర్ ఒకటి రాయించండి. అలసిన ఒంటితో ఎన్ని లెక్కలు చేశాడో నాకు రాయండి.