కొత్త రిలీజ్ అడిగే ముందు

చిరంజీవి నాయనకు,

కడప నుంచి చిన్నాన్న ఆశీస్సులు. తెలుగు అక్షరాలు చూపించే ఆ ప్రాజెక్టు వాళ్లకు పంపాలని నువ్వు రాసిన డ్రాఫ్టు చూశాను. వత్తులు విరగకుండా చేసే సవరణ (ఫిక్స్) వాళ్ల కోడ్‌లో కలిసింది (మెర్జ్), అందరూ వాడుకునే కొత్త వెర్షన్ (రిలీజ్) మాత్రం ఇంకా రాలేదు. "ఫిక్స్ మెర్జ్ అయి ఎన్నో నెలలైంది, కొత్త రిలీజ్ ఎప్పుడు?" అంతేనా? అది పంపొద్దు. మర్యాద తగ్గిందని కాదు, అది చదివి వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు.

ముందు, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో "గిట్ డిస్క్రైబ్" అనే కమాండ్ కొట్టు. చివరి ట్యాగ్ (రిలీజ్‌కు వేసే వెర్షన్ గుర్తు) ఏదో, దాని తర్వాత ఎన్ని కమిట్లు (నమోదైన మార్పులు) పడ్డాయో తెలుస్తుంది. ఆ కమిట్లన్నీ ఓపిగ్గా చదువు. నీకు కావలసింది వత్తుల ఫిక్స్ ఒక్కటే. మిగతావాటిలో పాత కోడ్‌ను పనిచేయకుండా చేసే మార్పు ఉంటే వెర్షన్‌లో మొదటిదైన మేజర్ నంబరే మారాలి, దానికి వాళ్లు తొందరపడరు. అలాంటప్పుడు ఆ ఒక్క ఫిక్స్‌ను పాత వెర్షన్ బ్రాంచికి (కోడ్ శాఖకు) తెచ్చి చిన్న రిలీజ్ ఇవ్వగలరా అని అడగాలి. ప్రాజెక్టు పేజీలో పాత ఇష్యూలు (ఫిర్యాదులు, విన్నపాలు) కూడా వెతుకు, క్లోజ్ చేసినవాటితో సహా. ఎవరైనా అడిగి ఉంటే అక్కడే రాయి.

ఇక అసలు సంగతి. ఆ ప్రాజెక్టులో తెలుగు చదవగలిగినవాళ్లు ఉన్నారనుకోను. నీ చేతిలో ఉన్న బలం అదే. మీ ఊరి పేరే తీసుకో. పాత ట్యాగ్‌తో "ప్‌రొద్‌దుటూరు" అని విరిగి వస్తోంది, మెయిన్‌లో (తాజా కోడ్‌లో) "ప్రొద్దుటూరు" అని సరిగ్గా వస్తోంది. రెండు స్క్రీన్‌షాట్లూ పక్కపక్కన పెట్టు. ఏ కమిట్ మీద చూశావో రాయి. డెబియన్ అనే లినక్స్‌లో మామూలుగా ట్యాగ్ పడిన వెర్షన్‌నే తీసుకుంటారని, మీ కాలేజీ ల్యాబులో కోడ్ నుంచి సొంతంగా బిల్డ్ చేసుకునే వీల్లేదని ఒక్క వాక్యంలో చెప్పు. ఛేంజ్‌లాగ్ (మార్పుల జాబితా) డ్రాఫ్టు నేను రాసిస్తాను అను, అన్నాక నిజంగా రాసివ్వు.

తాళి కట్టడం ఒక్క నిమిషం, పెళ్లి పనులు నెల. ట్యాగ్ కూడా అంతే. నంబర్ మార్చాలి, టెస్టులు నడపాలి, ప్యాకేజీ ఎక్కించాలి, మర్నాటి ఫిర్యాదులు మోయాలి. చాలామంది ఇదంతా జీతం లేకుండా చేస్తారు.

ఫైళ్లను కుదించే ఎక్స్‌జడ్ అనే సాఫ్ట్‌వేర్ గొడవ గుర్తుందా? 2022లో కొన్ని అనుమానాస్పద ఖాతాలు ఆలస్యమంటూ దాన్ని చూసుకునే మెయింటెయినర్‌ను వేధించాయి. అలసిన మనిషి సాయానికి వచ్చిన కొత్తవాడికి బాధ్యతలు అప్పగించాడు. 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఆ కొత్తవాడు పెట్టిన దొంగదారి (బ్యాక్‌డోర్) బయటపడింది. దాన్ని బిల్డ్‌లోకి లాగే ముక్క గిట్‌లో లేదు, రిలీజ్‌గా ఇచ్చే టార్‌బాల్ అనే ఫైళ్ల కట్టలోనే ఉంది. అందుకే ఈరోజు ఎవరైనా గట్టిగా తొందరపెడితే అవతలివాళ్లకు కోపం కంటే ముందు అనుమానం వస్తుంది. నాకైతే అది న్యాయమే అనిపిస్తుంది.

ఈలోగా నీ సొంత మెషీన్‌లో పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే పిప్‌కు గిట్ అడ్రస్ ఇచ్చి, చివర కమిట్ హ్యాష్ (ఆ కమిట్ గుర్తింపు కోడ్) పెట్టుకో. బ్రాంచి పేరు పెట్టకు, రేపు అదే లైన్ ఇంకో కోడ్ తెస్తుంది.

కొన్ని వారాలు ఆగి ఒక్కసారి గుర్తు చేయి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే డెబియన్ వాళ్లకు బగ్ రాసి, ఆ కమిట్‌ను ప్యాచ్‌గా వేసుకోమని అడుగు. స్క్రీన్‌షాట్లు అక్కడా పనికొస్తాయి. పంపేముందు ఇంగ్లీషు డ్రాఫ్టు నాకు ఓసారి చూపించు.

మీ చిన్నాన్న