ట్రక్కు లీజుకు తీసుకోవాలా, కంపెనీ డ్రైవర్‌గానే ఉండాలా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో సీడీఎల్ (భారీ వాహనాలు నడిపే లైసెన్సు) తీసుకుని ఏడాదిగా ఒక కంపెనీ ట్రక్కు నడుపుతున్నాడు. మైలుకు ఇంతని జీతం. ఇప్పుడు అదే కంపెనీ ‘డౌన్‌పేమెంట్ లేకుండా బండి లీజుకిస్తాం, కొన్నేళ్లకు నీదే అవుతుంది’ అంటోందట. వాడు అటే మొగ్గుతున్నాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: ఇప్పుడే వద్దనండి. బండికి కిస్తీ వసూలు చేసేదీ, ఆ బండికి లోడ్లు ఇచ్చేదీ ఒకే కంపెనీ అన్నదే ఇందులో ఇబ్బంది. లోడ్లు తగ్గితే నష్టం మీవాడిది, కిస్తీ మాత్రం వాళ్లకు ఆగదు.

ఊరికే ఒక లెక్క వేసి చూద్దాం. వారానికి 4,000 డాలర్లు వచ్చాయనుకోండి. డీజిల్‌కు 1,500 పోయాయి. కిస్తీ 900, ఇన్సూరెన్స్ 300, మెయింటెనెన్స్, ఎస్క్రో (కంపెనీ దగ్గర ఉంచే డిపాజిట్) కింద 350. చేతికి 950. మరుసటి వారం బండి రెండు రోజులు రిపేరులో ఉండి 2,300 మాత్రమే వచ్చాయి, డీజిల్ 850 అయింది. కిస్తీ, ఇన్సూరెన్స్, మెయింటెనెన్స్, ఎస్క్రో కలిపి 1,550 కోత ఎలాగూ తప్పదు కాబట్టి మిగతా రోజులన్నీ రోడ్డు మీద ఉండి కూడా వంద డాలర్లు బాకీ పడతాడు. కంపెనీ డ్రైవర్‌కు అలాంటి వారంలో జీతం తగ్గుతుందే గానీ అప్పు మిగలదు. పైగా లీజులో చాలావరకు 1099 మీద (ఉద్యోగిగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్‌గా) పని కాబట్టి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులలో యజమాని కట్టే సగం కూడా తనదే, మొత్తం 15.3 శాతం. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా తనే చూసుకోవాలి. రిక్రూటర్లు మాత్రం ఖర్చులు తీయకముందు అంకె చెప్పి ఊరుకుంటారు!

నేనేదో చాదస్తంగా చెబుతున్నాననుకోకండి. 2021 మౌలిక వసతుల చట్టం కింద ఏర్పడిన ట్రూత్ ఇన్ లీజింగ్ టాస్క్‌ఫోర్స్ (ట్రక్కు లీజులను పరిశీలించిన బృందం) 2025లో ఇచ్చిన నివేదికలో, ఇలాంటి లీజ్-పర్చేజ్ ఒప్పందాలను నిషేధించమని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు సిఫార్సు చేసింది.

సొంత బండి కోరిక తప్పు కాదు. ఇంకో రెండేళ్లు జీతానికి నడుపుతూ, మైలుకు ఎంత ఖర్చవుతుందో తెలుసుకుని, ఒక పెద్ద రిపేరుకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకోమనండి. ఆ తర్వాత బ్యాంకు లోన్ మీద పాత బండి కొనుక్కుంటే నచ్చని కంపెనీ నుంచి బండితో సహా బయటికి రావచ్చు. అప్పటికీ లీజే అంటే, అదే లీజులో ఉన్న డ్రైవర్ దగ్గర మూడు నెలల సెటిల్‌మెంట్ షీట్లు (వారం వారం రాబడి, కోతల లెక్క) అడిగి చూడమనండి. మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలో కాగితం మీద ఉందో లేదో కూడా.

ఒకవేళ ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే, ప్రతి వారం షీటూ దాచుకోమనండి. ఏ కోత ఎందుకో లీజులోనే రాసి ఉండాలన్నది ఫెడరల్ నిబంధన. లీజు ముగిశాక ఎస్క్రోలో మిగిలినది 45 రోజుల్లోగా లెక్కతో సహా తిరిగివ్వాలి. ఇవ్వకపోతే ట్రక్కు రవాణాను పర్యవేక్షించే ఫెడరల్ సంస్థ ఎఫ్ఎంసీఎస్ఏకి ఫిర్యాదు చేయవచ్చు.