చిన్న ఫ్లాట్‌కి ఇంటీరియర్ చేయించే ముందు నెల రోజులు అందులో ఉండండి

డబుల్ బెడ్‌రూమ్ చిన్న ఫ్లాట్, గృహప్రవేశం లోపే ఇంటీరియర్ అంతా పూర్తి చేయించుకోవాలా అని అడిగారు. వద్దండీ. వంటగది పని, ఫ్యాన్లు, లైట్లు మాత్రం చేయించుకుని, ఉన్న సామానుతోనే ఒక నెల గడపండి.

మాది హైదరాబాద్ నిజాంపేటలో. కాగితం మీద 1,050 చదరపు అడుగులు, అది మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కలిపిన లెక్క, టేపు పెట్టి కొలిస్తే లోపల మాకు మిగిలింది 700 చిల్లర. ఇంటీరియర్ వాళ్లు చూపించిన 3డి బొమ్మలు చూసి మురిసిపోయి అన్నీ ఒకేసారి చేయించాం. ఆ బొమ్మల్లో బియ్యం బస్తా ఉండదు, ఆవకాయ జాడీలుండవు, పండక్కి చుట్టాలొస్తే పరిచే పరుపులుండవు. హాల్లో ఎల్ ఆకారం సోఫా వేశాక బాల్కనీకి దారే లేకుండా పోయింది, అమ్మ తడిబట్టల బకెట్ పట్టుకుని రోజూ పక్కకి తిరిగి దూరాల్సి వచ్చేది. ఎనిమిది నెలలకే ఆ సోఫాని సగం ధరకి అమ్మేసి, కింద సామాను పెట్టుకునే దివాన్ ఒకటి, రెండు కుర్చీలు వేశాం. అప్పుడు గానీ హాల్లో ఊపిరాడలేదు.

డబ్బు పెట్టాల్సింది వంటగదిలో. సింకు కింద మాకు పార్టికల్ బోర్డు (చెక్క పొట్టుని జిగురుతో అదిమి చేసేది) వేశారు, నీళ్లు తగిలి ఏడాదికే ఉబ్బి తలుపు మూతపడటం మానేసింది. అక్కడ నీళ్లకి తట్టుకునే రకం, ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ అడగండి, షీటు మీద ఆ ముద్ర మీ కళ్లతో చూశాకే కోయించండి.

బెడ్‌రూమ్ లెక్క కాగితం మీద వేసుకోండి. పది అడుగుల గదిలో రెండడుగులు వార్డ్‌రోబ్‌కి, దానికి ఎదురుగా మంచం పొడవు ఆరున్నర పోతే మిగిలేది అడుగున్నర, మామూలు తలుపు మంచానికి తగులుతుంది, కాబట్టి స్లైడింగే నయం. ఫాల్స్ సీలింగ్ మాత్రం హాల్లో కూడా వద్దంటాను. మా స్లాబు ఎత్తు తొమ్మిదిన్నర, అందులో అర అడుగు అదే తినేసింది.

ఏదైనా కొనే ముందు దాని కొలతకి న్యూస్‌పేపర్లు నేల మీద పరిచి, కదలకుండా టేప్ అంటించి, రెండు రోజులు అలాగే వదిలేయండి. పేపర్లు తొక్కకుండా మీ ఇంట్లోవాళ్లు వంటగదికీ బాల్కనీకీ తిరగగలిగితేనే ఆర్డర్ ఇవ్వండి.