డిసెంబర్ వస్తోందంటే టెన్షన్

ప్రశ్న: క్రిస్మస్ దగ్గరపడుతుంటే సంతోషం కన్నా టెన్షనే ఎక్కువగా ఉంటోంది. చెట్టు, లైట్లు, అందరికీ గిఫ్టులు... వీటి మధ్య ఏసు ఎక్కడున్నాడో అర్థం కావడం లేదు. అసలు డిసెంబర్ 25 అనేదే బైబిల్లో లేదట కదా! ఇవన్నీ మానేస్తే తప్పా?
- ఒక పాఠకురాలు

జవాబు: తప్పేం కాదమ్మా. సువార్తల్లో ఆ తేదీ లేని మాట నిజమే, ఆ రోజున జరుపుకున్నట్టు దొరికే తొలి ఆధారం రోమ్‌లో 336 నాటిది. మీలాంటి అనుమానాలతోనే అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లు అనే కఠిన నియమాల క్రైస్తవ వర్గం వాళ్లు 1659లో ఏకంగా పండుగనే నిషేధించి, చేసుకున్నవాళ్లకి ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు, 1681 దాకా ఆ చట్టం నడిచింది. అంతదూరం వెళ్లక్కర్లేదు. తేదీ తెలియకపోయినా ఆ పుట్టుకను తలచుకోవచ్చు.

నాకు మండేది గిఫ్టుల విషయంలోనే. వాళ్లిచ్చారు కాబట్టి మనమివ్వాలి, అంతకన్నా తక్కువైతే బాగోదు, ఈ లెక్కల్లో ప్రేమ ఎక్కడుంది చెప్పండి? లూకా సువార్త రెండో అధ్యాయం ఒకసారి తీయండి. పొత్తిగుడ్డల్లో చుట్టిన బిడ్డ, పశువుల తొట్టి, రాత్రివేళ మందను కాస్తున్న కాపరులు. వాళ్లు పరుగున వచ్చి చూశారు, చూసింది నలుగురికీ చెప్పారు, అంతేగానీ కానుకలు తెచ్చారని అక్కడ ఎక్కడా లేదు.

కాబట్టి ఈసారి గిఫ్టులు పిల్లలకే అని మీవాళ్లకి ముందే చెప్పేయండి, వాళ్లు కొనేశాక చెబితే నొచ్చుకుంటారు. చెట్టు మీకిష్టమైతే పెట్టుకోండి, లేకపోతే లేదు.