రెండు వైపులా ఉన్నది ఒకటే అయితే, సమీకరణం కొత్తగా చెప్పేదేమిటి?

7+5 అన్నా 12 అన్నా సంఖ్య ఒకటే కాబట్టి, 7+5=12 అనడం 12=12 అనడం లాంటిదే కదా అని మీరు అడిగారు. విశాఖపట్నం మద్దిలపాలెంలో ట్యూషన్లు చెప్పే రోజుల్లో ఎనిమిదో తరగతి అమ్మాయి నన్ను అచ్చం ఇదే అడిగింది. "రెండూ సమానమేనమ్మా, రాసుకో" అన్నాను. అలా దాటేసినందుకు ఇప్పటికీ బాధే.

తర్వాత చదివితే తెలిసింది, జర్మన్ గణితవేత్త గోట్లోబ్ ఫ్రేగె కూడా ఈ ప్రశ్నతో చాలాకాలం కుస్తీ పట్టాడని. సమానత్వం గుర్తుల మధ్య సంబంధమని, అంటే రెండు పేర్లూ ఒకదానివేనని చెప్పడమేనని 1879లో రాశాడు. 1892 నాటికి ఆ జవాబు ఆయనకే చాల్లేదు. పేర్లు మనం పెట్టుకున్నవి, ఎలాగైనా పెట్టుకోవచ్చు. సమీకరణం పేర్ల సంగతే చెబితే, సంఖ్యల గురించి మనకు తెలిసేదేముంది? అందుకని పేరు సూచించే వస్తువునీ, ఆ వస్తువు మనకు కనబడే తీరునీ విడదీశాడు. వేగుచుక్కా, సాయంత్రం పడమట మెరిసే చుక్కా రెండూ శుక్రుడే. వేగుచుక్క వేగుచుక్కే అనడానికి తలెత్తి చూడక్కర్లేదు. ఆ రెండు చుక్కలూ ఒకటేనని తేల్చాలంటే మాత్రం ఎన్నాళ్లో ఆకాశాన్ని గమనించాలి.

నాకిది ఒంటబట్టింది మాత్రం విశాఖ దగ్గరి యారాడ బీచ్ గుర్తొచ్చాకే. విశాఖ ఆర్కే బీచ్ నుంచి దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ అనే, డాల్ఫిన్ ముక్కులా కనబడే కొండని చూస్తూ పెరిగినవాణ్ణి. చిన్నప్పుడు ఓసారి సింధియా మీదుగా ఘాట్ ఎక్కి యారాడలో దిగితే, ఎడమచేతి వైపు సముద్రంలోకి చొచ్చుకెళ్లిన కొండ కనబడింది. ఇదేం కొండని నాన్ననడిగాను. "అదేరా, మనకి రోజూ కనబడేదే" అన్నారు. నమ్మలేకపోయాను. ఆ ముక్కు వెనక అంత కొండ ఉందని అప్పుడే తెలిసింది.

ఫ్రేగె ఇచ్చిన ఇంకో ఉదాహరణ నాకు మరీ ఇష్టం. త్రిభుజంలో మూడు మధ్యగత రేఖలు, అంటే ఒక్కో శీర్షం నుంచి ఎదుటి భుజం మధ్య బిందువుకి గీతలు, గీయండి. మొదటి రెండూ ఖండించుకునే బిందువు, రెండోదీ మూడోదీ ఖండించుకునే బిందువు ఒకటే. చెప్పడానికి ఒక్క ముక్క, నిరూపించడానికి బోలెడు పని.

7+5 మీకు ఖాళీగా అనిపిస్తోందంటే అది బాగా అలవాటైపోవడం వల్లేనని నా నమ్మకం. 17×23=391 తీసుకోండి. 391=391 అని హెచ్చవేయకుండానే చెప్పేస్తారు. మరి దీన్ని?