గోడకు నల్ల బూజు, బాబుకు రాత్రిపూట దగ్గు: ఏం చేయాలి?

ప్రశ్న: మాది హన్మకొండ. వానలకు బెడ్‌రూం గోడ అడుగున తడి ఎక్కి నల్లగా బూజు పట్టింది. ఆరేళ్ల మా బాబుకు రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు వస్తున్నాయి. మా అత్తమ్మకు షుగర్ ఉంది. ఇది కరోనా అప్పటి బ్లాక్ ఫంగస్ ఏమోనని టెన్షన్‌గా ఉంది. బ్లీచింగ్ పౌడర్‌లో యాసిడ్ కలిపి కడగమని పక్కింటివాళ్లు అంటున్నారు. కడగొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ యాసిడ్ సీసా పక్కన పెట్టేయండి. బ్లీచింగ్ పౌడర్‌కు యాసిడ్ తగిలితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. పెద్దవాళ్లకే ఊపిరాడదు, పిల్లికూతలు ఉన్న పిల్లవాడికైతే ప్రాణం మీదికి వస్తుంది. టాయిలెట్ కడిగే లిక్విడ్లలో చాలావాటిలో ఉండేదీ యాసిడే. వాటినీ కలపొద్దు.

2021లో భయపెట్టిన బ్లాక్ ఫంగస్, అంటే మ్యూకర్‌మైకోసిస్, వేరు. అది ఎక్కువగా షుగర్ అదుపు తప్పినవాళ్లకు, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లకు వచ్చింది. తడి గోడలకు పట్టేవి సాధారణంగా క్లాడోస్పోరియం, ఆస్పర్‌జిల్లస్ లాంటి వేరే రకాల బూజులు. ఆ విషయంలో భయపడకండి. అయినా మీ అత్తమ్మను, బాబును ఈరోజు నుంచే వేరే గదిలో పడుకోబెట్టండి. అత్తమ్మకు ముఖం ఒకవైపు నొప్పి, కన్ను వాపు, ముక్కు నుంచి నల్లటి స్రావం లాంటివి ఎప్పుడు కనిపించినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

నాకు ఎక్కువ ఆందోళన బాబు గురించే. బూజు నుంచి కంటికి కనిపించనంత సన్నని రేణువులు గాలిలో కలుస్తాయి. ఉబ్బసం, అలర్జీ ఉన్న పిల్లల్లో అవి దగ్గును, ఆయాసాన్ని పెంచుతాయి. రాత్రిపూట పిల్లికూతలు ఉబ్బసం లక్షణం కావొచ్చు. దగ్గు సిరప్‌తో సరిపెట్టకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఇన్‌హేలర్ రాస్తే వద్దనకండి. అలవాటైపోతుందని చాలామంది తల్లులు భయపడతారు, కానీ అలా జరగదు. మందు తక్కువ మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. డొక్కలు ఎగరేస్తున్నా, ఆయాసంతో మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక గోడ. తడి ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోకుండా ఎన్నిసార్లు కడిగినా బూజు మళ్లీ వస్తుంది. స్లాబ్ కారుతోందా, గోడ అవతల బాత్‌రూం పైపు లీకవుతోందా, నేలలోంచి చెమ్మ పైకెక్కుతోందా అన్నది మేస్త్రీని పిలిచి చూపించండి. 2023 జులైలోనూ, 2025 అక్టోబర్‌లో మొంథా తుపానుకూ మన వరంగల్, హన్మకొండ లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలా నానిన గోడ పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి చాలాకాలం ఉంటుంది. దాని మీద పుట్టీ పెట్టి రంగు వేయిస్తే బూజు కప్పుబడుతుందే తప్ప పోదు. కొన్నాళ్లకు పెచ్చులూడి మళ్లీ బయటపడుతుంది.

బూజు సుమారు 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు లోపే ఉంటే మీరే శుభ్రం చేసుకోవచ్చు. అంతకు మించితే పని తెలిసినవాళ్లకు అప్పగించండి. ఆ సమయంలో బాబు, అత్తమ్మ ఇంట్లో ఉండకపోవడమే మంచిది. ఎన్95 మాస్కు, రబ్బరు గ్లౌజులు, కళ్లను పూర్తిగా కప్పే అద్దాలు పెట్టుకుని, కిటికీలు తెరిచి, ఫ్యాన్ ఆపేయండి. పొడిగా చీపురుతో దులపడం, గీకడం వద్దు, ఆ రేణువులన్నీ ఇల్లంతా పరుచుకుంటాయి. సర్ఫు నీళ్లతో తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. గట్టి గోడకు ఇది చాలు, బ్లీచింగ్ తప్పనిసరి కాదు. తర్వాత గోడను పూర్తిగా ఆరనివ్వాలి.

బూజు పట్టిన దూది పరుపును ఎండలో వేసి మళ్లీ వాడకండి, తీసేయండి. బీరువాను గోడకు కాస్త ఎడంగా జరపండి. వానాకాలంలో తడి బట్టలు ఆ గదిలో ఆరేయొద్దు. బియ్యం బస్తాలు, మిరపకాయలు, పల్లీలు అక్కడ ఉంటే వెంటనే తీయండి. వాటిలో బూజు పట్టినవాటిని ఏరి మిగతావి వండుకుందామనుకోకండి. కొన్ని రకాల బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మామూలు వంట వేడికి అది పూర్తిగా పోదు.

గోడ ఆరి, బూజు పోయాక కూడా బాబుకు దగ్గు తగ్గకపోతే ఛాతీ వైద్య నిపుణుడికి చూపించండి. ఇంట్లో చెమ్మ ఉన్న సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, వీలైతే గోడ ఫొటో కూడా చూపించండి.